ఇంగ్లండ్ పెరటి కుంటలో కప్పలు, న్యూట్‌లు: వసంతంలో ఏ వాతావరణానికి ఏం చేయాలి

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఇక్కడి తెలుగువాళ్ల నుంచి నాకు ఏటా ఒకే రకం ఫోటోలు వస్తాయి. పెరట్లో చిన్న కుంట, అందులో నానబెట్టిన సబ్జా గింజల్లాంటి ముద్ద. కింద ఒక ప్రశ్న: "ఇది తీసేయాలా?" వారం తిరక్కుండా ఇంకోటి: "నిన్న రాత్రి నీళ్లు గడ్డకట్టాయి, గుడ్లు తెల్లబడ్డాయి. అన్నీ పోయినట్టేనా?" ఏప్రిల్లో మూడోది: "నీళ్లలో బల్లి పడింది, ఎలా తీయాలి?"

మన ఊళ్లో కప్పల బెకబెకలంటే తొలకరి. ఇక్కడ వాటి కాలం చలి పూర్తిగా తగ్గకముందే మొదలవుతుంది. అందుకే మన అంచనాలు తప్పుతుంటాయి. న్యూట్ (చూడటానికి బల్లిలా, తోకతో ఉండే కప్పల చుట్టం) అయితే తెలుగు నేల మీద అసలే లేదు. భారతదేశంలో దాని చుట్టాన్ని చూడాలంటే డార్జిలింగ్ వైపు కొండలకు వెళ్లాలి. కాబట్టి ఇల్లు కొన్నప్పుడు కుంట కూడా కలిసొచ్చినవాళ్లకు టెన్షన్ సహజం.

దక్షిణ ఇంగ్లండ్‌లో నా కుంటను చూసుకుంటూ నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. మీరు ఉత్తరాన, స్కాట్లండ్‌లో ఉంటే నేను చెప్పే తేదీలకు మూడు నాలుగు వారాలు కలుపుకోండి. ఒక్క మాట ముందే చెబుతాను: వసంతంలో మనం కలగజేసుకోవాల్సిన సందర్భాలు మూడే. గడ్డకట్టే చలి, తగ్గిపోయే నీళ్లు, కుంటను కప్పేసే నాచు. మిగతా రోజుల్లో చేతులు వెనక్కి కట్టుకుని చూడటమే మంచిది.

1. అవి వచ్చే రాత్రిని గుర్తుపట్టండి

తేదీ కన్నా రాత్రి వాతావరణం నమ్మకమైన గుర్తు. చీకటి పడ్డాక 5 డిగ్రీల సెల్సియస్ పైన ఉండి, నేల తడిగా ఉంటే, అందులోనూ సన్నగా వాన పడుతుంటే కప్పలు బయల్దేరతాయి. టోడ్‌లకు (గరుకు చర్మం ఉండే ఇంకో రకం కప్పలు) ఇంకాస్త వెచ్చదనం కావాలి. 7, 8 డిగ్రీల తడి రాత్రుల్లో, ఎక్కువగా మార్చిలో వస్తాయి. న్యూట్‌లు గుంపుగా దిగవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకటీ అరా వస్తూనే ఉంటాయి.

కార్న్‌వాల్‌లో కొన్ని ఏళ్లు డిసెంబర్, జనవరిలోనే గుడ్లు కనిపిస్తాయి. లండన్ చుట్టుపక్కల ఫిబ్రవరి చివర, మార్చి. ఉత్తరాన ఎత్తైన ప్రాంతాల్లో ఏప్రిల్ కూడా కావచ్చు. ఒకే వీధిలో రెండు ఇళ్ల మధ్య వారం తేడా ఉండటం నేను చూశాను. ఎండ తగిలే కుంటలో ముందు, గోడ నీడలో ఉన్నదాంట్లో తర్వాత.

చిక్కల్లా ఫిబ్రవరితోనే. నాలుగు రోజులు వెచ్చగా ఉంటే కప్పలు గుడ్లు పెట్టేస్తాయి, ఆ వెంటనే చలి తిరగబెడుతుంది. 2018 ఫిబ్రవరి చివర్లో 'బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్' అని పేరుపడ్డ చలిగాలి అలాగే వచ్చింది. అప్పటికే దక్షిణాదిలో చాలా కుంటల్లో గుడ్లు తేలుతున్నాయి.

2. గుడ్లకు ముందే ముగించాల్సిన పనులు

కుంట శుభ్రం చేసే కాలం శరదృతువు, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్. అప్పుడు కుదరకపోతే జనవరిలో కొంచెం చేయొచ్చు. కానీ అడుగు బురదలో మగ కప్పలు చలికాలం గడుపుతుంటాయి. పార, గడ్డపలుగు వద్దు. చేతికి గ్లవ్ వేసుకుని పైన ఉన్న కుళ్లిన ఆకులు మాత్రమే మెల్లగా తీయండి. సగం వదిలేయండి.

తీసిన ఆకుల్ని ఒక పూట గట్టు మీదే ఉంచండి. అందులో దాక్కున్న పురుగులు, న్యూట్‌లు తిరిగి నీళ్లలోకి పోతాయి.

ఫిబ్రవరి మొదటి వారానికి సరిచూసుకోండి:

□ ఎండ తగిలే వైపు 10 నుంచి 30 సెంటీమీటర్ల లోతే ఉండే అంచు ఉందా? కప్పలు గుడ్లు పెట్టేది అక్కడే.
□ ఎక్కడో ఒక చోట 60 సెంటీమీటర్ల లోతు ఉందా?
□ నీళ్లలోంచి పైకి ఎక్కే వాలు ఉందా? నిటారు ప్లాస్టిక్ అంచైతే రాళ్లు పేర్చండి, లేదా ఒక చెక్క వాల్చండి.
□ మెత్తటి ఆకుల నీటి మొక్కలు ఉన్నాయా? వాటర్ ఫర్గెట్‌మినాట్, వాటర్ మింట్ న్యూట్‌లకు బాగా పనికొస్తాయి.
□ వాన నీళ్ల డ్రమ్ము నిండి ఉందా? ఏప్రిల్లో ఇది బంగారం.
□ కుంటకు దగ్గర్లో మొద్దుల కుప్పో, ఆకుల కుప్పో ఉందా?
□ పంపు, ఫౌంటెన్ ఆపారా? తోకకప్పలు పంపులోకి లాగబడి చస్తాయి.

చేపల సంగతి. గోల్డ్‌ఫిష్ ఉన్న కుంటలో న్యూట్ పిల్లలు బతకడం కష్టం, కప్ప పిల్లలు కూడా బాగా తగ్గిపోతాయి. టోడ్ పిల్లల రుచి చేపలకు పడదు కాబట్టి అవి నెట్టుకొస్తాయి. రెండూ కావాలంటే రెండు కుంటలు కావాలి. చిన్న టబ్బైనా సరే.

మొక్కలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన రైతులు పశువుల మేతకు పెంచే అజొల్లా తెలుసు కదా? ఇక్కడ దాని జాతిదే వాటర్ ఫెర్న్, కుంటను నాలుగు వారాల్లో దుప్పటిలా మూసేస్తుంది. పారట్స్ ఫెదర్, ఫ్లోటింగ్ పెన్నీవర్ట్, న్యూజీలండ్ పిగ్మీవీడ్, వాటర్ ప్రిమ్‌రోజ్‌లతో పాటు దీని అమ్మకాన్ని ఇంగ్లండ్‌లో 2014 ఏప్రిల్ నుంచి నిషేధించారు. ఊళ్లో పెంచిన అలవాటుతో ఎవరైనా ఇస్తానన్నా తెచ్చుకోకండి.

చంటిపిల్లలున్న ఇంట్లో కుంట మీద గట్టి జాలీ తప్పనిసరి. దాని కన్నాలు కప్ప దూరేంత ఉండాలి, బిడ్డ కాలు దిగేంత ఉండకూడదు.

3. ఎవరు వచ్చారో పోల్చుకోండి

గుడ్లను బట్టి చెప్పడం తేలిక.

• కప్ప గుడ్లు: ముద్దగా ఉంటాయి. ఒక్కో ముద్దలో వెయ్యి నుంచి రెండు వేల దాకా. ఒక ముద్ద అంటే ఒక ఆడ కప్ప.
• టోడ్ గుడ్లు: జంట వరసల నల్లపూసల్లా పొడుగాటి దారాలు, మొక్కలకు చుట్టుకుని ఉంటాయి.
• న్యూట్ గుడ్లు: ఒక్కొక్కటిగా, మడిచిన ఆకులో. వెతికితే తప్ప కనపడవు.

న్యూట్ గుడ్డు పెట్టడం ఒక్కసారైనా చూడండి. ఆడ న్యూట్ ఆకు దగ్గరికొచ్చి ముందు వాసన చూస్తుంది. తర్వాత వెనక కాళ్లతో ఆకు కొసను పట్టుకుని తన వైపు మడుస్తుంది, తమలపాకు చిలక చుట్టినట్టు. గుడ్డు జిగురుకు ఆ మడత అతుక్కుపోతుంది. కాసేపు అలాగే పట్టుకుని వదిలి, ఇంకో ఆకుకు వెళ్తుంది. ఇలా వందల గుడ్లు, వారాల తరబడి. కాబట్టి మార్చి నుంచి జూన్ మధ్య నీటి మొక్క ఏదైనా పీకే ముందు ఆకులు మడతపడి ఉన్నాయేమో చూడాలి.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు కుంట దగ్గర నిలబడి "అయ్యో, బల్లి పడిందిరా, తియ్యి" అని కంగారుపడింది. పక్కనే కూర్చుని చూపించాను. బల్లికి పొలుసులుంటాయి, న్యూట్ చర్మం కప్పలా మెత్తగా ఉంటుంది. తోక పక్కలకు నొక్కినట్టు పలచగా ఉంటుంది, ఈదడానికి. అది పడలేదు, దిగింది.

మామూలుగా కనిపించేది స్మూత్ న్యూట్, సుమారు 10 సెంటీమీటర్లు, గొంతు మీద చుక్కలు. పామేట్ న్యూట్ గొంతు మీద చుక్కలుండవు. వసంతంలో మగ స్మూత్ న్యూట్ వీపు మీద అలలు అలలుగా ఒక తురాయి పెరుగుతుంది.

గరుకు చర్మం, నల్లటి ఒళ్లు, నారింజ పొట్ట మీద నల్ల మచ్చలు, 15 సెంటీమీటర్ల దాకా పొడుగు ఉంటే అది గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్. 1981 నాటి వన్యప్రాణి చట్టం దానికి గట్టి రక్షణ ఇస్తోంది. పట్టుకోవడం, కదిలించడం, దాని కుంటను పాడుచేయడం నేరం. ఇంటి ఎక్స్‌టెన్షన్ పనులు పెట్టుకునేవాళ్లు ముందు ఈ విషయం తేల్చుకుని, నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థను సంప్రదించాకే తవ్వకం మొదలుపెట్టాలి. ఉత్తర ఐర్లండ్‌లో స్మూత్ న్యూట్‌కు కూడా చట్ట రక్షణ ఉంది.

4. గుడ్లు పెట్టాక చలి తిరగబెడితే

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే. కాస్త వివరంగా చెబుతాను.

కప్ప గుడ్ల ముద్ద పెట్టగానే మునుగుతుంది, తర్వాత జిగురు నీళ్లు పీల్చి ఉబ్బి పైకి తేలుతుంది. నీటి పైభాగం గడ్డకడితే ముద్దలో పైన ఉన్న గుడ్లు చస్తాయి. అవే తెల్లబడేవి. కింద ఉన్నవి చాలావరకు బతికే ఉంటాయి. జిగురే వాటికి దుప్పటి. కాబట్టి తెల్లబడ్డ ముద్దను తీసి పారేయకండి. వారం ఆగి, లోపల నల్ల చుక్కలు కామా ఆకారంలోకి సాగుతున్నాయేమో చూడండి. సాగుతుంటే ప్రాణం ఉన్నట్టే.

న్యూట్ గుడ్లు నీటి లోపల ఆకుల్లో ఉంటాయి కాబట్టి ఒకటి రెండు రాత్రుల చలి వాటిని అంతగా తాకదు. పెద్ద న్యూట్‌లు కూడా చలి పెరిగితే అడుగుకు పోయి కదలకుండా ఉంటాయి.

రాత్రికి సున్నా కిందికి పోతుందని ఫోన్ చెబితే సాయంత్రమే ఇలా చేయండి:

ఒకటి. చేతులు కుంట నీళ్లతో తడిపి, ముద్దను నీటి మట్టానికి 10 సెంటీమీటర్లు కిందికి మెల్లగా దించండి. పైకి తేలకుండా మొక్కల కొమ్మల కింద ఇరికించండి. అడుగు బురదలోకి తొయ్యొద్దు, అక్కడ ప్రాణవాయువు తక్కువ.

రెండు. ఆ చోట నీళ్ల మీదుగా గార్డెన్ ఫ్లీస్ (మొక్కలకు చలి తగలకుండా కప్పే పలచటి గుడ్డ) గానీ బబుల్ ర్యాప్ గానీ పరచండి, అంచుల్లో రాళ్లు పెట్టండి. ఉదయం తప్పకుండా తీసేయండి.

మూడు. మైనస్ 5, 6 డిగ్రీలు వరసగా రెండు మూడు రాత్రులు ఉంటుందంటే, ఒక ముద్దలో పిడికెడు భాగాన్ని అదే కుంట నీళ్లతో బకెట్‌లో వేసి షెడ్‌లో ఉంచండి. వేడి లేని షెడ్‌లోనే. చలి తగ్గాక అదే కుంటలో వేయండి.

ఈ మూడోదాంట్లో నేనొకసారి తప్పు చేశాను. మొదటి సంవత్సరం గుడ్లను బకెట్‌తో వంటింట్లో, హీటింగ్ పక్కన పెట్టాను. వెచ్చదనానికి అవి గబగబా పొదిగాయి. బయట ఇంకా చలి, కుంటలో తినడానికి నాచు లేదు. తిరిగి వేసిన రెండు రోజుల్లోనే చాలా చనిపోయాయి. అప్పటి నుంచి ఇంట్లోకి ఒక్క గుడ్డు కూడా తేలేదు.

కుంట మొత్తం గడ్డకడితే సుత్తితో కొట్టకండి. ఆ అదురు కింద ఉన్నవాటికి దెబ్బ. వేడినీళ్ల గిన్నె ఒకటి పైన పెడితే కన్నం పడుతుంది, అడుగున కుళ్లే ఆకుల నుంచి వచ్చే వాయువు బయటికి పోతుంది. అంతకంటే ముఖ్యం, గడ్డ మీద స్నో పడితే చీపురుతో ఊడ్చేయండి. వెలుతురు లోపలికి పోతేనే నీటి మొక్కలు ప్రాణవాయువు తయారుచేస్తాయి. చలి పోయాక కప్పలు చచ్చి తేలే కుంటల్లో కారణం తరచుగా ఇదే, ఊపిరాడకపోవడం.

5. వాన లేని వసంతంలో

2025 వసంతం మెట్ ఆఫీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) రికార్డుల్లో బ్రిటన్‌కు అప్పటిదాకా అత్యంత వెచ్చనిది, అత్యంత ఎండ కాసినది. వాన కూడా చాలా తక్కువ. ఆ ఏప్రిల్, మే నెలల్లో నా కుంట నీటిమట్టం వారం వారం తగ్గడం గట్టు రాళ్ల మీద గీతల్లో కనిపించింది.

నీళ్లు తగ్గితే మొదట ఎండేది లోతులేని అంచు. గుడ్లు, చిన్న తోకకప్పలు ఉండేది అక్కడే. న్యూట్ గుడ్లున్న ఆకులు కూడా గాలికి బయటపడి ఎండిపోతాయి. కాబట్టి సగం ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు.

• మట్టం 5 సెంటీమీటర్లు తగ్గగానే డ్రమ్ములోని వాన నీళ్లు పోయండి.
• ఒక్కసారిగా కుమ్మరించకండి. పూలకుండీల క్యాన్‌తో, రాయి మీద పడేలా నెమ్మదిగా.
• వాన నీళ్లు అయిపోతే కుళాయి నీళ్లను వెడల్పాటి టబ్బులో ఒకటి రెండు రోజులు ఉంచి, కొద్దికొద్దిగా కలపండి. అలా ఉంచితే క్లోరిన్ పోతుంది. నీటి శుద్ధికి వాడే ఇంకో రసాయనం క్లోరమీన్ అంత తేలిగ్గా పోదు, పైగా కుళాయి నీళ్లలోని పోషకాలు నాచును పెంచుతాయి. అందుకే కొంచెం చాలు.
• హోస్‌పైప్ నిషేధం వస్తే పైపుతో కుంట నింపడం కూడా దాని కిందికే వస్తుంది. బకెట్‌తో పోయొచ్చు.
• అంచున ఎండిపోతున్న గుడ్లను అదే కుంటలో లోతున్న వైపుకు జరపండి.

వేసవి చివర్లో కుంట ఎండిపోతే అంత బాధపడనక్కర్లేదు. అప్పటికి పిల్లలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. మే నెలలో ఎండితే ఆ ఏడు పంట పోయినట్టే.

6. ముందే ఎండలు వస్తే: నాచు

మార్చి, ఏప్రిల్ ఎండకు నీటి మొక్కల కన్నా ముందు లేచేది పీచు నాచు. కొంచెం ఉంటే మంచిదే, కప్ప పిల్లలకు అదే తిండి. కుంట ఉపరితలంలో సగానికి పైగా కప్పేస్తే రాత్రిళ్లు నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లవారుజామున తోకకప్పలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ పరిస్థితి వచ్చినట్టు.

పొడుగాటి కర్ర ముంచి, సేమియా చుట్టినట్టు మెల్లగా తిప్పుతూ తీయండి. ఒకేసారి మొత్తం వద్దు, వారానికి పావు వంతు. తీసినదాన్ని బకెట్ నీళ్లలో జాడించి చూస్తే ఇరుక్కున్న పిల్లలు బయటపడతాయి. మందులు వాడొద్దు. నాచు చచ్చి కుళ్లితే అదే ఇంకా ఎక్కువ ప్రాణవాయువు తినేస్తుంది.

7. పొదిగాక వారం వారం

కప్ప గుడ్లు చలిని బట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో పొదుగుతాయి. మొదటి రెండు రోజులు పిల్లలు జిగురునే అంటిపెట్టుకుని కదలకుండా ఉంటాయి. చచ్చాయనుకోకండి.

మే వచ్చేసరికి పిల్లలను పోల్చడానికి ఒక తేలిక గుర్తు ఉంది. కప్ప పిల్లకు వెనక కాళ్లు ముందు వస్తాయి, న్యూట్ పిల్లకు ముందు కాళ్లు ముందు వస్తాయి. న్యూట్ పిల్ల మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలు కూడా ఉంటాయి. తెల్లటి స్పూన్‌లో నీళ్లతో సహా తీసి చూడండి, ఆ మొప్పలు విచ్చుకోవడం స్పష్టంగా కనపడుతుంది. చూసిన వెంటనే వదిలేయండి.

కప్ప పిల్లల సంఖ్య తగ్గిపోతుంటే కంగారు పడేవాళ్లు చాలామంది. న్యూట్‌లు వాటిని తింటాయి. శీతాకాలం వెచ్చగా ఉన్న సంవత్సరం న్యూట్‌లు ముందే నీళ్లలోకి దిగి సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఆ ఏడు నష్టం ఎక్కువ కనిపించొచ్చు. న్యూట్‌లను పట్టి బయట వేయకండి. వేల గుడ్లలో నాలుగైదు పెద్ద కప్పలైనా ఆ కుంటకు చాలు.

తిండి వేయడం దాదాపు ఎప్పుడూ అవసరం రాదు. అన్నం మెతుకులు, బ్రెడ్డు అసలు వద్దు, నీళ్లు కుళ్లుతాయి.

8. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

స్నేహితుడి కుంట నుంచి గుడ్లు తెచ్చుకోవడం. గుడ్లతో పాటు రానావైరస్ లాంటి జబ్బులు, పైన చెప్పిన నిషిద్ధ మొక్కల ముక్కలు వస్తాయి. కొత్త కుంటకు సాధారణంగా ఒకటి రెండేళ్లలో అవే వస్తాయి. కంచె కింద అరచేయి పట్టేంత సందు వదలండి, దారి దొరుకుతుంది.

"గుడ్లు మరీ ఎక్కువయ్యాయి" అని తీసేయడం. ఎక్కువైతే అవే తగ్గుతాయి. వదిలేయండి.

జిగురు ఆకుపచ్చగా మారితే భయపడటం. అది నాచు, హాని లేదు. తెల్ల బూజు పట్టేది అప్పటికే చచ్చిన గుడ్లకు.

కుక్కను కుంటలో దింపడం. ఒంటి మీద వేసే గోమార్ల (ఫ్లీ), పిడుదుల మందులో పురుగుమందు ఉంటుంది. అది నీళ్లలో కలిస్తే చిన్న ప్రాణులు చస్తాయి.

నత్తల మందు. మెటాల్డిహైడ్ గుళికల వాడకం 2022 వసంతం నుంచి బ్రిటన్‌లో నిషిద్ధం. షెడ్‌లో పాత డబ్బా ఉంటే కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చేయండి. కప్పలుంటే నత్తలను అవే చూసుకుంటాయి.

సన్‌స్క్రీన్, శానిటైజర్ రాసిన చేతులు ముంచడం. వాటి చర్మం అన్నీ పీల్చుకుంటుంది. ముందు కుంట నీళ్లతో కడుక్కోండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి, అది మన కోసం.

పెద్ద కప్పలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతుంటే, ఒంటి మీద పుండ్లు, ఎర్రటి మచ్చలు ఉంటే దాచకండి. గార్డెన్ వైల్డ్‌లైఫ్ హెల్త్ సంస్థకు తెలియజేయండి. ఆ కుంట నీళ్లు, మొక్కలు ఇంకెక్కడికీ పోనివ్వకండి.

9. జూన్‌లో చివరి జాగ్రత్త

జూన్, జూలైలలో ఎండ తర్వాత ఒక సాయంత్రం వాన పడుతుంది. బొటనవేలి గోరంత కప్ప పిల్లలు, కొన్నిటికి ఇంకా తోక ముక్క ఊడకుండానే, ఒకేసారి గట్టెక్కి గడ్డిలోకి పోతాయి. న్యూట్ పిల్లలు ఇంకా ఆలస్యం, ఆగస్టు, సెప్టెంబర్. కొన్ని చలికాలమంతా నీళ్లలోనే ఉండిపోతాయి.

□ కుంట చుట్టూ ఒక మీటరు గడ్డి మే నుంచి కోయకండి.
□ వాన పడ్డ మర్నాడు మోవర్, స్ట్రిమ్మర్ బయటికి తీయొద్దు.
□ తప్పనిసరైతే ముందు పాదాలతో గడ్డిని కదుపుతూ నడవండి, ఇంటి వైపు నుంచి కంచె వైపుకు కోయండి. వాటికి పారిపోయే దారి ఉంటుంది.
□ డ్రెయిన్ జాలీలు, బేస్‌మెంట్ మెట్ల గుంటలు రాత్రి టార్చ్‌తో చూడండి. పడినవాటిని తడి చేత్తో తీసి, మొద్దుల కుప్ప నీడలో వదలండి.